మేడమీదావిడకి మైల ఎన్నాళ్ళు?

ఆదివారం పొద్దున్న మేడ మీద వాటా చూసుకోవడానికి ఒక జంట వచ్చారు. కొత్తగా పెళ్ళైనవాళ్ళు. అబ్బాయికి అచ్యుతాపురంలో మందుల కంపెనీలో ఉద్యోగం. గదులు చూశారు, కుళాయి తిప్పి చూశారు, గోడకి చెయ్యి ఆనించి చెమ్మ ఉందా అని చూశారు. కింద వసారాలో మంచం మీంచి మా అత్త "మీరేటోళ్ళమ్మా?" అని అడగడం, ఆ అబ్బాయి ముఖం ముడుచుకుని జవాబు చెప్పడం, అవన్నీ మామూలుగానే అయ్యాయి. వెళ్ళబోతూ ఆ అమ్మాయి వంటింటి చెక్కబల్ల అంచున పడిన నొక్కులు చూపించి, ఇవేంటండీ అంది. ఇంతకుముందు ఉన్నావిడ అక్కడ కొబ్బరి కోరుకునే మర బిగించుకునేదమ్మా అన్నాను. ఎవరుండేవాళ్ళండీ అని అడిగింది.

ఒక్క మాటలో చెప్పలేక, ఎవరో కంపెనీ ఆవిడ, ఇక్కడ పని అయిపోయి వెళ్ళిపోయింది అనేశాను. వాళ్ళు ఫోన్ చేస్తామని వెళ్ళారు. చెయ్యరు. అలా అన్నవాళ్ళు ఎవరూ చెయ్యరు. నేను తలుపుకి తాళం వేసి దిగొచ్చి అన్నం వార్చుకున్నాను, బట్టలు ఆరేసుకున్నాను. ఏ పని చేస్తున్నా ఆవిడే గుర్తొస్తూ ఉంది.

పేరు చెబుదామంటే ఆ పేరు నాకు ఏనాడూ సరిగ్గా నోరు తిరగలేదు. చాలా పొడుగు పేరు. మొదటి వారం నేనూ మా ఆయనా చెరో ముక్కా పట్టుకుని ప్రయత్నించాం. మా అత్త ఆ శ్రమ పెట్టుకోలేదు. మేడ మీద ఉంటుంది కాబట్టి మేడమీదావిడ అంది. ఉన్నన్నాళ్ళూ అదే పేరు. అలా పిలిస్తే పలికేది కూడా.

దేశం శ్రీలంక. అచ్యుతాపురంలో ఒక కుట్టు కంపెనీలో ఆడపిల్లలకి పని నేర్పి, వాళ్ళ మీద సూపర్‌వైజరుగా ఉండటానికి వచ్చింది. నలభై దాటి ఉంటాయి. మొదట హాస్టల్లో ఉండేదట. ఒక షిఫ్టు వాళ్ళు లేస్తుంటే ఇంకో షిఫ్టు వాళ్ళు వచ్చి పడుకునే ఆ గదిలో ఆవిడకి నిద్ర పట్టలేదు. నిద్ర లేక మనిషి తూలిపోతోంది, తలుపేసుకుని పడుకోవడానికి చిన్న వాటా ఎక్కడైనా ఉంటే చూడండి అని, ఆ కంపెనీ ఆఫీసులో పనిచేసే ఒకతను మా ఆయనకి చెప్పాడు. అతనే ఆటోలో తీసుకొచ్చి దింపాడు. ఆవిడకి వాళ్ళ భాష తప్ప ఇంకోటి రాదని, ఇంగ్లీషు కూడా కుట్టుపనికి కావలసినంతే వచ్చని అప్పుడు చెప్పాడు, సామానంతా దింపేశాక.

అద్దెకొచ్చేవాళ్ళని అడగడానికి మా అత్త దగ్గర కొన్ని ప్రశ్నలు సిద్ధంగా ఉంటాయి. ఏటోళ్ళు, ఎంతమంది, చుట్టాలెక్కువా, నీళ్ళెంత వాడతారు, పెళ్ళైందా, ఇంట్లో ముసలాళ్ళున్నారా. ఆ చివరి ప్రశ్న ఎందుకంటే, అద్దెవాళ్ళింట్లో ఎవరైనా పోతే మైలా, కర్మా, ఆ చుట్టాలూ, ఆ ఏడుపులూ అన్నీ మన గడపలోనే జరగాలి కదా అని ఆవిడ భయం. అన్నీ వరసగా అడిగింది. మేడమీదావిడ అన్నిటికీ చేతులు జోడించి నవ్వింది. ఒక్కదానికీ జవాబు రాకపోయేసరికి మా అత్తకి నీరసం వచ్చింది. "కార్తీకం ఎల్లేదాకా సూద్దాం. తేడా వత్తే మల్లా ఆ హాస్టలుకే పంపించీరా," అని కొడుకుతో చెప్పి గోడవైపు తిరిగి పడుకుంది.

మర్నాడు తెల్లవారేసరికి మేడ మీంచి పొగ. ఇల్లు తగలెట్టేస్తోందేమో చూడమని అత్త నన్ను తరిమింది. పరిగెత్తుకుని వెళ్ళాను. డాబా మీద మూడు ఇటుకలు, కొబ్బరి డొక్కల మంట, దాని మీద కొత్త మట్టికుండలో పాలు. నేనేదో అనబోతే ఆగమన్నట్టు చెయ్యెత్తింది. పాలు పొంగి కుండకి చుట్టూ జారేదాకా చూసి, అప్పుడు దణ్ణం పెట్టుకుంది. కొత్త వాటాలో దిగితే పాలు పొంగించాలని ఆవిడకి మేమెవరమూ చెప్పలేదు. దిగొచ్చి ఈ సంగతి చెబితే మా అత్త కాసేపు ఆలోచించి, "అయితే మనోళ్ళే," అంది. మనవాళ్ళంటే ఎవరన్నది మాత్రం ఆఖరికీ తేలలేదు.

ఆవిడకొచ్చిన అసలు ఇబ్బంది ఏమిటంటే, చూస్తే అచ్చం మన మనిషిలాగే ఉంటుంది. అదే రంగు, అదే జుట్టు, నూనె రాసి వెనక్కి దువ్విన ముడి. తెల్లదొరసాని ఎవరైనా మా సందులో అద్దెకి దిగి ఉంటే ఊరంతా సైగలు చేసి, చెయ్యి పట్టుకుని, కూరలు ఏరి సంచిలో వేసి పంపించేది. ఈవిడకి ఆ మర్యాద దక్కలేదు. కూరల బజార్లో అడిగినదానికి పలక్కపోతే పొగరన్నారు. బస్సులో పక్కామె ఈవిడతో తగువే వేసుకుంది, జరగమంటే నవ్వుతావేంటని. గ్యాసు బండ తెచ్చేవాడు, ఈమెకి చెవుడా అండీ అని నన్నడిగాడు. పైదేశం మనిషి నాయనా అంటే, ఊరుకోండమ్మా, చూస్తే తెలీదా అన్నాడు. సాయంత్రం ఆవిడ ముఖంలో కనపడే అలసట కంపెనీది ఒక్కటే కాదని నాకు కొన్నాళ్ళకి తెలిసొచ్చింది. అందరిలాగా కనపడుతూ అందరిలాగా మాట్లాడలేకపోవడం కూడా ఒక చాకిరీయే.

మా ఆయన ఫోన్లో ఏదో అనువాదం చేసేది పెట్టాడు. ఒకరోజు ఆవిడ కంగారుగా దిగొచ్చి అందులో చాలాసేపు మాట్లాడింది. ఆ ఫోను వార్తలు చదివినట్టు, "గౌరవనీయులైన మీకు జలము గురించి నా విచారము" అంది. ముగ్గురం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పైన టాంకు పొంగిపోతోందన్నది ఆవిడ చెప్పిన సంగతి. మాకు అర్థమయ్యేసరికి సందంతా నీళ్ళు. ఆ తర్వాత మేమెవరమూ ఆ ఫోను జోలికి పోలేదు.

నిజానికి నాకు మాటలు అక్కర్లేదు. నేను ప్రైవేటు బడిలో రెండో తరగతికి చెబుతాను. పొద్దుట్నించీ కూర్చోండర్రా, రాయండర్రా, వాణ్ణి కొట్టకురా అని అరిచి అరిచి సాయంత్రానికి గొంతులో గరగర తప్ప ఏమీ మిగలదు. ఇంటికొస్తే అత్త కబుర్లకి ఊ కొట్టాలి. మా ఆయన బెల్లం మార్కెట్లో గుమాస్తా, ఆయన వచ్చి దిమ్మలూ ధరలూ చెబుతాడు, దానికీ ఊ కొట్టాలి. మధ్యలో ఆ కాసేపు మాత్రం, కంపెనీ బస్సు దిగి మేడమీదావిడ నడిచొచ్చి, పైకి ఎక్కడానికి ఓపిక లేక కింది మెట్టు మీద కూలబడేది. నేనూ పక్కన కూర్చునేదాన్ని. ఆవిడ చెప్పులు విడిచి కాలి వేళ్ళు ఒక్కొక్కటే నొక్కుకునేది. మెళ్ళో కొలత టేపు అలాగే వేలాడుతూ ఉండేది, తీయడం మర్చిపోయి వచ్చేసేది. మేం మాట్లాడుకునేవాళ్ళం కాదు. ఇంత హాయిగా ఒక మనిషి పక్కన కూర్చోవడం నా పుట్టింట్లో కూడా నేనెరగను.

ఏది చేతికిచ్చినా ముందు తిరగేసి చూసేది. చీరైనా, సంచైనా, బడిపిల్లల యూనిఫామైనా, లోపలి కుట్టు చూశాకే పైది చూసేది. నా జాకెట్టు చంక దగ్గర కుట్టు చూసి నాలిక చప్పరించి, మర్నాటికి విప్పి మళ్ళీ కుట్టిచ్చింది. ఆవిడకొచ్చిన ఇంగ్లీషు మాటలు పాస్, ఆల్టర్, రిజెక్ట్. ఈ మూడింటితో అనకాపల్లిలో కాపరం చేసింది. పుచ్చు వంకాయ రిజెక్ట్. నా పప్పులో ఉప్పెక్కువైతే ఆల్టర్. పాలు పొయ్యని టీ గుక్కకో ముక్క బెల్లం కొరుక్కుంటూ తాగేది. మా ఆయన మార్కెట్ నుంచి తెచ్చిన నల్లబెల్లం కొరికి కళ్ళు మూసుకుని పాస్ అంటే, ఆయన ఆ వారమంతా ఛాతీ విరుచుకుని తిరిగాడు. మా అత్త కూడా ఈ విద్య పట్టేసింది. పొద్దున్నే కంచం పక్కకి తోసి, "నీ ఉప్మా రిజెట్టు," అనేది నాతో.

పౌర్ణమికి సెలవు దొరికితే తెల్లచీర కట్టుకుని, ఊరి పక్కన బౌద్ధ గుహలున్న బొజ్జన్నకొండకి వెళ్ళేది. బడిపిల్లల్ని పిక్నిక్కి తీసుకెళ్ళి, పరిగెత్తకండ్రా పడతారు అని అరవడం తప్ప ఆ కొండ మీద నాకు ఇంకో పని ఉండేది కాదు. ఒకసారి నన్నూ తీసుకెళ్ళింది. ఆవిడ గుహలో బుద్ధుడి బొమ్మ ముందు కూర్చుంటే నేను నీడ చూసుకుని కునికిపాట్లు పడ్డాను. ఇంటికొచ్చి చెబితే మా అత్త, తన చిన్నప్పుడు కనుమనాడు చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కొండకెళ్ళి బొమ్మ మీద రాళ్ళేసి వచ్చేవాళ్ళని చెప్పింది. ఎందుకని అడిగితే, రాక్షసుడనీవోరు అంది. కొంచెం ఆగి, "మేడమీదావిడకి సెప్పకే," అంది. చెప్పడానికి నాకు భాషెక్కడుంది.

అలా కార్తీకం వచ్చింది. మా అత్తకి ఆ నెల నెలంతా నిష్ఠ. తెల్లవారకుండా చన్నీళ్ళ స్నానం, తులసి దగ్గర దీపం, నీచు ముట్టదు, ఒంటిపూట భోజనం. ఆవిడ నిష్ఠకి నీళ్ళు తోడేది, పిండి రుబ్బేది నేనే కాబట్టి ఆ నెల నాకు ఎప్పుడు అయిపోతుందా అని ఉంటుంది.

ఆ నెల్లోనే తుఫాను పట్టింది. మధ్యాహ్నానికే బడి వదిలేశారు. నేను తడుస్తూ ఇంటికొచ్చేసరికి మా ఆయన వసారాలో నిలబడి ఉన్నాడు. మేడమీదావిడ వాళ్ళమ్మ పోయిందట అన్నాడు. కంపెనీ ఆఫీసతను ఫోన్ చేశాడు. ఆవిడ అప్పటికే చేతిసంచితో విశాఖపట్నం విమానాశ్రయానికి ఆటోలో వెళ్ళిపోయింది.

దీపాలు పెట్టే వేళకి అదే ఆటోలో తిరిగొచ్చింది. గాలివానకి విమానాలన్నీ ఆపేశారు. మళ్ళీ అవి ఎగిరేసరికి అక్కడ దహనం కూడా అయిపోతుంది. ఆవిడ ఒళ్ళంతా తడిసి ఉంది. పైకి వెళ్తుందనుకున్నాను. ఎప్పటిలాగే కింది మెట్టు మీద కూర్చుని, చెప్పులు విడిచి, కాలి వేళ్ళు నొక్కుకోవడం మొదలుపెట్టింది. జల్లు మెట్ల మీదికి కొడుతోంది. ఏం చెయ్యాలో తెలీక నేనూ పక్కన కూర్చున్నాను. ఆ ఒక్కరోజు మాత్రం ఆవిడ భాష నాకొచ్చి ఉంటే బాగుండుననిపించింది. అమ్మ పోయినవాళ్ళతో ఏమనాలో నాకు తెలుగులోనూ తెలీదు గానీ, ఏదో ఒకటి అనేదాన్ని.

లోపలికెళ్ళేసరికి మా అత్త మంచం మీద లేచి కూర్చుని ఉంది.

"మైలే కదా మరి," అంది. "మేడ మనదే, టేంకు మనదే, మెట్లు మనవే. నాను దీపం ఎట్టుకోవాలా వద్దా?"

మైల రక్తసంబంధానికి గానీ ఇంటి ఓనర్లకెందుకు అంటుతుందని నేనన్నాను. పోయినావిడ సముద్రం అవతల పోయింది కదా అని మా ఆయనన్నాడు. అత్త రెండూ వినిపించుకోలేదు. ఎదురింటి పెద్దావిడని కేకేసి అడిగింది. ఆవిడ, ఒకే కప్పు కింద ఉంటే అంటుతుందంది. పక్కింటాయన అంటదన్నాడు. ఆఖరికి తీర్పు మా అత్తే చెప్పింది.

"పెల్లయిన కూతురుకి తల్లి పోతే మూడ్రోజులు. మూడ్రోజులైతే నానోర్చుకుంటాను. పెల్లవకపోతే పదకొండ్రోజులూ మైలే. అన్నాల్లు నా దీపం ఆపుకోను. హాస్టలుకి పంపించీయండి, తీరినాక వత్తాది. పెల్లయిందో లేదో కనుక్కురావే."

మా వైపు ఆడపిల్ల మైల లెక్క అదే, మెళ్ళో పుస్తె పడితే ఒకలా, పడకపోతే ఒకలా. ఆ సంగతే ఇన్ని నెలలైనా మాకు తెలీదు. మెడలో ఏమీ ఉండదు, కాళ్ళకి మట్టెలుండవు. గోడ మీద ఒక ముసలమ్మ ఫోటో, బడిబట్టల్లో ఒక పిల్లాడి ఫోటో. ఆ పిల్లాడు కొడుకో, తమ్ముడి కొడుకో ఎవరికి తెలుసు? నిద్ర పట్టదని వదిలేసి వచ్చిన ఆ హాస్టల్ గదికి, తల్లి పోయిన వారంలో, ఎవరో లేచిన పక్క మీదికి ఈ మనిషిని పంపించాలా వద్దా అన్నది ఇప్పుడు ఆ ఒక్క ప్రశ్న మీద ఉంది.

పొద్దున్నే పైకెళ్ళాను. ఆవిడ తెల్లటి పాత దుప్పటి నేల మీద పరిచి పేలికలుగా కత్తిరిస్తోంది. కత్తిరించినవి కత్తిరించినట్టు వదల్లేదు, ఒక్కొక్కదానికీ అంచు మడిచి కుడుతోంది. రాత్రంతా పడుకున్నట్టు లేదు. నేనెదురుగా కూర్చుని నా మెళ్ళో పుస్తెలు బయటికి తీసి పట్టుకుని, ఆవిడ వైపు వేలు చూపించాను. ఇంతకన్నా మర్యాదగా అడగడం నాకు చేతకాలేదు. ఆవిడ దగ్గరికి జరిగి, పుస్తెల్ని చేతిలోకి తీసుకుని, తిరగేసి వెనకవైపు చూసింది. పసుపుతాడు పురి వేళ్ళతో తడిమి చూసింది. మళ్ళీ నా గుండెల మీద జాగ్రత్తగా పెట్టి, "రిజెక్ట్," అంది. కొంచెం నవ్వింది కూడా.

ఎవరు ఎవర్ని అన్నది నాకు తెలీలేదు. పెళ్ళే వద్దనుకుందో, చూసుకోవడానికి వచ్చినవాళ్ళు వద్దన్నారో, కట్టుకున్నవాడు వదిలేశాడో. అక్కడ కూర్చుని ఇంకా సైగలు చేసే ఓపిక నాకు లేదు. ఏదైతేనేం, ఆ మాట ఆవిడ ఇంకోసారి చెప్పాల్సిన అవసరం లేదనిపించింది. దుప్పటి రెండో కొస పట్టుకుని, ఆవిడ కత్తిరించేదాకా లాగి పట్టుకున్నాను. తర్వాత దిగొచ్చి, పెళ్ళైందట అత్తా అన్నాను. మొగుడేడని అడిగింది. అక్కడే ఉన్నాడట అన్నాను.

ఆ తెల్లపేలికలు మేడ రెయిలింగుకి, మెట్ల పక్క గోడకి, కింద గేటు దాకా కట్టింది. వాళ్ళ దేశంలో చావింటికి అలా కడతారట. తుఫాను వెళ్ళిపోయినా గాలి తగ్గలేదు, అవి టపటపా కొట్టుకునేవి. సందులోవాళ్ళు వచ్చి ఇవి ఏ పార్టీ జెండాలని అడిగితే మా ఆయన విసుక్కుని లోపలికొచ్చేశాడు. నేను మెట్ల మీద అన్నం గిన్నె పెట్టి తలుపు తట్టి వచ్చేసేదాన్ని. ఖాళీ గిన్నె తోమి ఉండేది. మూడ్రోజులూ మా అత్త తులసి దగ్గరికి వెళ్ళలేదు, మంచం మీంచే దణ్ణం పెట్టుకుంది. నాలుగోనాడు నా చేత మెట్లన్నీ పసుపునీళ్ళతో కడిగించి, ఇంకేం లేదు అని దీపం పెట్టుకుంది. పేలికలు మాత్రం ఇంకా కట్టే ఉన్నాయి. పొద్దున్నే దీపం పెడుతూ తలెత్తి వాటిని చూసేది, నన్ను చూసేది. నేను బిందె పట్టుకుని అవతలికి పోయేదాన్ని.

ఏడోరోజు వచ్చింది. వాళ్ళ లెక్కలో పెద్దరోజు ఏడోదట, అది నాకు తర్వాత తెలిసింది. పొద్దుట్నించీ పైన కొబ్బరి కోరుతున్న చప్పుడు, పోపుల వాసన. పదకొండు దాటాక ఆవిడ తెల్లచీరలో దిగొచ్చింది. చేతుల్లో తమలపాకుల దొంతి. మా అత్త మంచం ముందు మోకాళ్ళ మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి, రెండు చేతులతో ఆకులు చాపింది. తర్వాత ఫోన్లో వాళ్ళమ్మ ఫోటో చూపించి, మేడ వైపు చూపించి, చెయ్యి నోటి దగ్గర పెట్టుకుంది.

అత్త చెయ్యి ఆకుల దాకా వెళ్ళి ఆగింది. మేం తాంబూలం పట్టుకుని పిలిచేది పెళ్ళికి, పేరంటానికి. చావు భోజనానికి ఆకులిచ్చి ఎవరూ పిలవరు. అసలు పిలవనే పిలవరు, కావలసినవాళ్ళు వాళ్ళంతట వాళ్ళే వస్తారు. అత్త నా వైపు తిరిగింది.

"మూడ్రోజులకి తీరిపోవాల కదే."

వాళ్ళ లెక్క వేరేమో అన్నాను.

"పెల్లయిందన్నావు."

మేడమీదావిడ తలెత్తలేదు, చాపిన చేతులు వెనక్కి తీసుకోలేదు. ఇంకో మాట అంటే ఆవిడ సామాను ఈ సాయంత్రమే ఆటో ఎక్కుతుంది, నా చేత మేడంతా కడిగిస్తారు, రేపటినుంచి నేను మెట్టు మీద ఒక్కదాన్నే కూర్చుంటాను. నాకు చాలా అలుపొచ్చింది. పెళ్ళైందీ, కాలేదూ, మూడూ, పదకొండూ, ఈ లెక్కలన్నిటి మీదా విసుగొచ్చింది. అత్తకి ఎదురుచెప్పే ఓపిక కూడా రాలేదు. ఊరికే చూస్తూ నిలబడ్డాను.

అత్త ఆ ఆకులు తీసుకుని దిండు పక్కన పెట్టుకుంది. "సెయ్యట్టుకోవే, మెట్లెక్కాల," అంది.

మోకాళ్ళు పోయిన దగ్గర్నించీ ఆవిడ మేడ ఎక్కలేదు. ఒక్కో మెట్టు మీదా ఆగి, దేవుణ్ణోసారి, నన్నోసారి తిట్టుకుంటూ ఎక్కింది. ముందు మేడమీదావిడ, వెనక నేను. పైన గదిలో కుర్చీకి తెల్లగుడ్డ కప్పి ఉంది. వాళ్ళ దేశంలో ఆ కుర్చీలో సన్యాసులు కూర్చుంటారని నాకు ఆ తర్వాతే తెలిసింది. ఇక్కడ సన్యాసుల్ని ఎక్కడ తెస్తుంది? మా అత్తని కూర్చోబెట్టింది. ముసలమ్మ ఫోటో ముందు దీపం, దీపం ముందు ఒక చిన్న కంచంలో అన్నీ కొంచెం కొంచెం. అన్నం, కొబ్బరిపాలు పోసిన పప్పు, వంకాయ, ఏదో ఆకుకూర. చేప లేదు. ఎప్పుడూ ఎండుచేప లేకుండా వండని మనిషి. ఈ నెల మా గుమ్మంలో చేపలమ్మే మనిషి ఆగడం లేదని చూసి పెట్టుకుంది.

కరెంటు ఇంకా సరిగ్గా రావడం లేదు. మేడమీదావిడ అట్టముక్కతో విసురుతూ నిలబడింది, తను తినలేదు. అత్త అన్నీ కలుపుకుని తింది. మారు వడ్డించబోతే వద్దనలేదు. ఒంటిపూట మనిషి అంత తినడం నేనెప్పుడూ చూడలేదు. తినడం అయ్యాక ఆవిడ ఒక పళ్ళెంలో గ్లాసు పెట్టి, చెంబుతో నీళ్ళు వంచబోయి, ఆగి మా ఇద్దరి వైపు చూసింది. ఆ చెంబు ఒక్కరు పట్టుకునేది కాదనిపించింది, ఇంటివాళ్ళందరూ కలిసి పట్టుకోవాలేమో. నేను వెళ్ళి చెయ్యి వేశాను. గ్లాసు నిండి పళ్ళెంలోకి పొర్లేదాకా ఇద్దరం పోశాం. ఆవిడ ఏదో పాటలాగా చదువుతూ ఉంది, మధ్యలో గొంతు ఆగిపోయింది. వారం రోజుల్లో ఆవిడ ఏడవడం నేను చూసింది అప్పుడే. నాకూ ఏడుపొచ్చింది. మా అత్త కుర్చీలోంచి లేవలేదు, చెయ్యి వెయ్యలేదు, తలొంచుకుని చేతులు ముడుచుకుని కూర్చుంది. తర్పణం చెంబు ముట్టుకుంటే ఆ ఇంటి మనిషైపోతారు, మైల పడుతుంది, దీపం పోతుంది. కార్తీకంలో ఆవిడ అంతదూరం రావడమే ఎక్కువ. నేనేమీ అనుకోలేదు.

ఇక లేద్దాం అన్నట్టు అత్త చెయ్యి చాపితే లేపాను. చావింటికి వెళ్ళినవాళ్ళు చెప్పి బయల్దేరకూడదు. మాట్లాడకుండా లేచి వచ్చేయాలి. వెళ్ళొస్తాం అనడం అసలు కూడదు, అంటే మళ్ళీ అలాంటి పని మీదే ఆ గుమ్మం తొక్కాల్సి వస్తుందని మావాళ్ళ భయం. నా పెళ్ళైన కొత్తలో ఎవరింట్లోనో నోరు జారి వస్తానండీ అన్నందుకు ఇదే అత్త నన్ను వీధి పొడుగునా తిట్టింది. అందుకే నేను నోరు మూసుకుని, ఆవిడ భుజం మీద ఒకసారి చెయ్యేసి, గుమ్మం దాటి నిలబడ్డాను.

అత్త గడప మీద ఆగింది. వెనక్కి తిరిగి, మేడమీదావిడ గెడ్డం పట్టుకుని, "వత్తానమ్మా," అంది. "మల్లా వత్తాను."

ఆవిడకి ఏం అర్థమైందో, చేతులు జోడించింది.

నాలుగు మెట్లు దిగేదాకా ఉగ్గబట్టుకుని, అలా అన్నావేటత్తా, అనకూడదు కదా అన్నాను. అత్త గోడ పట్టుకుని ఆగి, ఆయాసం తీర్చుకుంది.

"తెలిసే అన్నాన్లే," అంది. "మనం రాకపోతే దానింటికి ఇంకెవులొత్తారే?"